ఊరికే వస్తుంటే కొనడమెందుకట!

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మా వారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. ఆ టైములో ఆయన ఎప్పుడూ చెయ్యరు. గొంతులో కంగారు.

"ఏమోయ్, నీ కార్డు మీద ఎనిమిది వందల ముప్ఫై కట్టయినట్టు మెసేజీ వచ్చింది. అదీ డాలర్లలో. నీకేమైనా లింకు వచ్చిందా? ఎవరికైనా ఓటీపీ చెప్పావా?"

"లేదండీ, నేనే కొన్నాను."

"ఏం కొన్నావు?"

"పాటల ఆల్బమ్."

కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తరవాత, "పాటలు కొనడమేమిటి? బాగా గుర్తు తెచ్చుకో. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించెయ్యనా?" అన్నారు.

అప్పుడు నవ్వొచ్చింది. పొయ్యి మీద పప్పు దింపుతూ ఆలోచిస్తే ఆ నవ్వు కాస్తా పోయింది. ఇరవై రెండేళ్ళ కాపురం మాది. నన్నెవరో మోసం చేశారంటే ఆయన ఇట్టే నమ్మగలిగారు. నా కోసం నేను పాటలు కొనుక్కున్నానంటే మాత్రం నమ్మలేకపోయారు. పూర్తిగా ఆయన్ననీ లాభం లేదు. ఇన్నేళ్ళలో నేను అలాంటిదొకటి కొనగా ఎప్పుడు చూశారు గనక?

సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టారు. నేను ముద్దాయిని.

మా అబ్బాయి: "అమ్మా, అదే ఆల్బమ్ యాప్‌లో ఉందిగా! ఊరికే వస్తుంటే ఎవరైనా కొంటారా?"

మా వారు: "కొన్నావే అనుకో, ఇంట్లో అందరికీ పనికొచ్చేదైనా కొనాల్సింది."

మా అత్తగారు: "పాటలకి డబ్బులేమిటమ్మా! వినడానికి కూడా డబ్బులా?"

ఈ మూడు మాటలూ మీ ఇళ్ళలో కూడా వినబడే ఉంటాయి. వాటికి ఆ రోజు సగం సగం జవాబులే చెప్పగలిగాను. చేతిలో అట్లకాడ ఉన్నప్పుడు వాదన సరిగ్గా కుదరదు. అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందు ఆ "ఊరికే" సంగతి చూద్దాం. అదే నెలలో మా అబ్బాయికి మూడు వేలు పెట్టి హెడ్‌ఫోన్స్ కొన్నాం. పాతవి పాడవలేదు, కొత్తవాటిలో బేస్ బాగుంటుందిట. మా వారు క్రికెట్ కోసం ఏడాది ప్యాకేజీ కట్టారు. స్కోరు ఊరికే తెలుస్తుంది కదా, చూడ్డమెందుకని ఎవరం అడగలేదు. టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరుకి పన్నెండు వేలు పోశాం. పాటలు వినిపించే పరికరానికి పన్నెండు వేలు సబబే. అందులోంచి వచ్చే పాటకి ఎనిమిది వందలు మాత్రం దండగ! గిన్నె వెండిది కావాలి, అందులో పాయసం పక్కింటివాళ్ళు పోస్తే చాలు అన్నట్టుంది.

పోనీ, ఊరికే వచ్చేది నిజంగా నాకు వస్తోందా? మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే అకౌంటు. పొద్దున అయిదున్నరకి అత్తగారి సుప్రభాతంతో మొదలు. ఆరున్నరకి మా వారు వ్యాయామం చేస్తూ పెట్టుకునే దడదడలు. ఎనిమిదికి మా అబ్బాయి. వాళ్ళందరూ బయటికి వెళ్ళాక స్పీకరు నాదే, నిజమే. కానీ ఆ సరికి యాప్ దానంతటదే ఏదో ఒకటి పాడుతూనే ఉంటుంది. చేతులకి పిండి, నేను మార్చను. పోయిన ఏడాది చివర మీరు బాగా విన్నవి ఇవీ అని ఒక జాబితా చూపించింది. అందులో మా అబ్బాయి ఉన్నాడు, ఆయన ఉన్నారు, అత్తగారు కూడా ఉన్నారు. రోజుకి ఆరేడు గంటలు ఆ యాప్ ముందు తిరిగే మనిషిని నేను. నేనే లేను. అది చూసి నాకు యాప్ మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. నాకేం కావాలో ఒక్కసారైనా చెప్పి ఉంటే కదా దానికి తెలిసేది!

ఒకప్పుడు నాకు చాలా బాగా తెలుసు. మనలో నలభై దాటినవాళ్ళకి రికార్డింగ్ షాపులు గుర్తుండే ఉంటాయి. బ్లాంక్ క్యాసెట్ కొని, తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసి ఇస్తే రెండు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాడు. అది న్యాయమైన వ్యాపారం కాదని ఇప్పుడు తెలుస్తోంది కానీ అప్పుడు తెలీదు. అరవై నిమిషాల క్యాసెట్‌లో సైడుకి ఆరో ఏడో పాటలు పట్టేవి. ఆ పన్నెండు, పధ్నాలుగు పాటల చీటీ రాయడానికి నాకు వారం పట్టేది. ఒకటి చేరిస్తే ఒకటి కొట్టెయ్యాలి. ఇది లేకపోతే ఉండలేను, ఇది లేకపోయినా ఫరవాలేదు అని తేల్చుకోవాలి. హాస్టల్లో ఒకరి చీటీ ఒకరం చూసుకుని, ఈ పిల్ల ఇలాంటిది అని అంచనా వేసుకునేవాళ్ళం. కంపెనీ క్యాసెట్ కొనాలంటే ఇంకా పెద్ద వ్యవహారం. షాపులో గంటసేపు నిలబడి, లోపలి కాగితం మీద పాడినవాళ్ళెవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నీ చదివి, షాపతను విసుక్కుంటుంటే ఒక ముక్క వేయించుకుని విని, అప్పుడు కొనేదాన్ని.

డబ్బు తక్కువ కాబట్టి ఎంచుకోవాల్సి వచ్చింది. ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి నా ఇష్టం నాకు తెలిసింది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఏదీ ఎంచుకోనక్కర్లేదు. దాంతో "నాకేదైనా ఫరవాలేదు, ఏదో ఒకటి పెట్టు" అనే చోటికి వచ్చి చేరాను.

"నాకేదైనా ఫరవాలేదు." ఈ మాట ఎవరి నోట్లోంచి వస్తుందో మీకు తెలుసు. హోటల్‌కి వెళ్తే మనమే అంటాం. సినిమాకి వెళ్తే మనమే అంటాం. ఇంట్లో ఏ కూర మిగిలితే అది మనకి. అది మంచితనమని మనని పెంచారు. రోజూ ఆ మాట అంటూ పోతే కొన్నేళ్ళకి అది నిజమే అయి కూర్చుంటుంది. నిజంగానే ఏదైనా ఫరవాలేని మనిషిగా తయారవుతాం. అప్పుడు ఇంట్లోవాళ్ళు మన ఇష్టం అడగటం మానేస్తే వాళ్ళ తప్పు ఎంత?

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

అమ్మకి బాలమురళీకృష్ణగారు పాడిన భద్రాచల రామదాసు కీర్తనల క్యాసెట్ ఒకటి ఉండేది. ఇంట్లో అమ్మ తన కోసం కొనుక్కున్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే. మధ్యాహ్నం పనయ్యాక పెట్టుకునేది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. స్నేహితురాలి దగ్గర కొత్త సినిమా క్యాసెట్ ఒక్క రాత్రికి దొరికింది. ఎక్కించుకోవడానికి ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. కంపెనీ క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు చెయ్యకుండా పైన రెండు మూలల్లోని చిన్న నాలికలు విరిచేసి ఉంటాయి, గుర్తుందా? ఆ కన్నాల మీద ప్లాస్టరు ముక్క అంటిస్తే రికార్డు అయిపోతుందని నాకెవరో చెప్పారు. మా టూ ఇన్ వన్‌లో రెండు వైపులా ఎక్కించేశాను. మర్నాడు అమ్మ క్యాసెట్ పెట్టుకుంటే సినిమా పాట మొదలైంది. అమ్మ ఆపి, బయటికి తీసి, ఆ ప్లాస్టరు చూసింది. "పోనీలే, నీకు కావాల్సొచ్చిందేమో" అంది. అంతే. మళ్ళీ కొనుక్కోలేదు. మేమెవరం కొనివ్వలేదు. నాకైతే ఆ సంగతే గుర్తు లేదు.

మూడేళ్ళ కిందట అమ్మ పుట్టినరోజుకి పాటలు నింపి అమ్మే రేడియో లాంటి పెట్టె ఒకటి కొనిచ్చాం. ఏవో వేల పాటలు. ఎంతో గొప్ప పని చేశామనుకున్నాం. వారం పోయాక వెళ్తే అది బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. "వినట్లేదా అమ్మా?" అన్నాను. "ఇందులో బాలమురళి రామదాసు ఉందేమోనని వెతికానే. నాకు కనబడలేదు. నాకు ఇన్నివేల పాటలెందుకు? అది ఒక్కటీ ఉంటే చాలును" అంది. మామూలుగానే అంది, దెప్పుతూ కాదు. ప్లాస్టరు అంటించిన క్యాసెట్ అప్పుడు గుర్తొచ్చింది నాకు.

వేల పాటలు కొనే ముందు ఒక్క మాట అడగొచ్చు కదా, "అమ్మా, నీకేది కావాలి?" అని. అడగలేదు. అమ్మంటే పాత పాటలు, భక్తి పాటలు, అన్నీ కలిపి ఒక పెట్టె అనుకున్నాం. అమ్మకి అన్నీ కాదు, ఫలానాది కావాలి. ఫలానాది కావాలి అనగలగడమే ఇష్టం అంటే.

ఆ కీర్తనలు వెతికి డబ్బిచ్చి కొన్నాను. డిగ్రీ తరవాత నేను కొన్న మొదటి ఆల్బమ్ అదే. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ పెట్టెకే తగిలించాను. అమ్మ మంచమ్మీద కూర్చుని తొడ మీద తాళం వేస్తూ విన్నది. ఒక కీర్తన అయిపోయి రెండోది మొదలవకముందే దాని పల్లవి తను అందుకుంది. వరస అలాగే గుర్తుంది, ముప్ఫై ఏళ్ళ తరవాత.

బస్సులో తిరిగొస్తూ ఒకటే ఆలోచన. ఇంకో పాతికేళ్ళకి మా అబ్బాయి నాకూ ఏదో పెట్టె కొనిస్తాడు. వాడికి నా గురించి ఏం తెలుసని? వాడికి తెలియాలంటే ముందు నాకు తెలియాలి కదా. ఆ నెల నుంచి పద్దుల పుస్తకంలో ఒక వరస పెంచాను. పాలు, పేపరు, పాటలు. పాటలకి నెలకి అయిదు వందలు. వాడకపోతే పై నెలకి కలుస్తాయి కానీ కూరగాయల్లోకి మళ్ళించకూడదు. ఇది నాకు నేను పెట్టుకున్న నియమం.

"యాప్‌లో అన్నీ ఉన్నాయిగా" అన్న మా అబ్బాయి మాటకి వస్తాను. ఉన్నాయి, ఉన్నంతవరకూ. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. రెస్సో 2024 జనవరితో మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది వింక్ మ్యూజిక్ కూడా మూసేశారు. యాప్ ఉన్నా పాటలు ఉండకపోవచ్చు. 2019లో సరిగమ వాళ్ళ పాటలు స్పాటిఫైలోంచి పోయి కొంతకాలానికి గానీ తిరిగి రాలేదు. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలకీ అదే జరిగింది. అవి కంపెనీల మధ్య ఒప్పందాల గొడవలు, ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. నాకు అర్థమైంది ఒకటే. యాప్‌లో పాట అద్దె ఇల్లు. అద్దె ఇంట్లో సుఖంగానే ఉండొచ్చు, కానీ గోడకి మేకు కొట్టే ముందు ఆలోచించుకోవాలి. కొన్నది అలా కాదు. గంట ఆల్బమ్ మంచి నాణ్యత ఎంపీత్రీలో నూట నలభై, నూట యాభై ఎంబీ ఉంటుంది, అంతే. పాత ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకుంటే, ఎవరు ఎవరితో పోట్లాడుకున్నా నా పాట నా దగ్గరుంటుంది.

డబ్బు ఎవరికి వెళ్తుందో కూడా చూడండి. యాప్‌కి మనం నెలనెలా కట్టే డబ్బు మనం విన్నవాళ్ళకే వెళ్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. చాలా యాప్‌లలో అలా కాదు. అందరి డబ్బూ ఒక కుప్ప పోసి, మొత్తం మీద ఎవరి పాటలు ఎన్నిసార్లు మోగాయో లెక్కవేసి పంచుతారు. నేను నెలంతా ఒక వీణ విద్వాంసురాలినే విన్నా, నా డబ్బులో ఎక్కువ భాగం ఊరంతా వినే పాటలకే వెళ్తుంది. ఆల్బమ్ కొంటే లెక్క సూటిగా ఉంటుంది. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట డిజిటల్ ఆల్బమ్ మీద వాళ్ళు మామూలుగా తీసుకునేది 15 శాతం. కార్డు ఖర్చులు పోగా మిగిలింది కళాకారులకో వాళ్ళ కంపెనీకో చేరుతుంది. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ 15 శాతం కూడా వదులుకుంటున్నారు. కొనేది ఎలాగూ కొంటాం, ఆ శుక్రవారం చూసుకుని కొందాం.

"వినడానికి కూడా డబ్బులా" అన్న మా అత్తగారికి జవాబు ఆవిడ రోజూ వినే పాటలోనే ఉంది. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. దాని మీద వచ్చే రాయల్టీ ఆవిడ తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకి ఇచ్చేశారు. "అత్తయ్యా, ఎవరూ డబ్బు పెట్టి కొనకపోతే ఆవిడ ఏమిచ్చి ఉండేవారు?" అన్నాను. అత్తగారు ఒక్క క్షణం ఆగి, "అది దేవుడి పాటమ్మా" అన్నారు. నిజమే, దేవుడి పాటే. పాడిన మనిషికి మాత్రం ఇల్లు గడవాలి, పక్కవాయిద్యాల వాళ్ళకీ గడవాలి.

డబ్బు విషయంలో ఇంకొకావిడని తలుచుకోవాలి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉంటే, అక్కడ గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. తన సంపాదన పెట్టి, నగలు అమ్మి కట్టించింది. మన ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేయించిందీ ఆవిడే. తనకి ఏది విలువైనదో ఎవరినీ అడక్కుండా తేల్చుకుని, దాని మీద తన డబ్బు పెట్టిన మనిషి. నేను ఎనిమిది వందలు పెట్టి ఆవిడతో పోల్చుకోవడం లేదు. సంగీతం మీద ఆడది డబ్బు పెట్టడం కొత్తగా వచ్చిన వేషం కాదని చెబుతున్నానంతే.

ఇక "అందరికీ పనికొచ్చేది కొనాల్సింది" అన్న మాట. నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇదే. ఎందుకంటే ఇది మంచి మాటలా వినబడుతుంది. మనం మిక్సీ కొన్నా, కుక్కర్ కొన్నా, దుప్పట్లు కొన్నా అందరికీ పనికొచ్చేవే. పుట్టినరోజుకి మనకొచ్చే బహుమతులు కూడా ఇంటికే పనికొస్తాయి. మా వారి క్రికెట్ ప్యాకేజీ నాకు పనికొస్తుందా అని ఎవరూ చూడలేదు, చూడక్కర్లేదు కూడా. అది ఆయన సరదా. మరి నా సరదా మాత్రం నలుగురికీ సరిపోయేలా ఎందుకుండాలి? నేను కొన్న ఆల్బమ్ ఇంట్లో ఇంకెవరికీ నచ్చకపోతే అది దాని లోపం కాదు. నాకు నచ్చిందా లేదా అన్నదే లెక్క.

ఇంతకీ నేను కొన్నదేమిటో చెప్పలేదు కదూ. శక్తి బృందం 2023లో తెచ్చిన 'దిస్ మొమెంట్'. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలా, శంకర్ మహదేవన్ గాత్రం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ కంజీర, ఘటం. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. ఆ డిసెంబరులోనే జాకిర్ హుస్సేన్ పోయారు. గ్రామీ వచ్చిందని నేను కొనలేదు. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ఒకప్పుడు ఈ బృందంతో వాయించారు. ఆయన 2014లో పోయారు. ఈ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. ఆ పేరు చూసి ఆగాను.

దానికి పోటీగా ఇంకోటి కూడా చూశాను, అనూష్కా శంకర్ 'చాప్టర్ వన్: ఫరెవర్, ఫర్ నౌ'. అరూజ్ ఆఫ్తాబ్ నిర్మాణం. అరూజ్ అంటే 2022లో గ్రామీ అందుకున్న పాకిస్తానీ గాయని. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి చేసిన పని కదా అని చాలా ఆశగా విన్నాను. నాలుగే పాటలు, మెత్తగా, నిద్ర లేచీ లేవనట్టుగా ఉంది. చాలా బాగుంది. కానీ ఆ నెల నాకు అలాంటిది కాదు, కాళ్ళు కదిలేది కావాలి. అందుకని దాన్ని తరవాతకి రాసిపెట్టుకున్నాను. చూశారా, ఎన్నేళ్ళకి "నాకు ఈ నెల ఇలాంటిది కావాలి" అన్నానో!

ఎలా ఎంచుకుంటున్నానో కూడా చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి. యాప్‌ని నేను వదల్లేదు. దాన్ని పాతకాలం షాపులో కౌంటరులా వాడుకుంటున్నాను. వినడం అక్కడ, కొనడం బయట. ఒక ఆల్బమ్ అనుకుంటే మొదటిసారి ఇస్త్రీ చేస్తూ మొత్తం వింటాను, పాటలు దాటెయ్యకుండా. రెండోసారి ఏ పనీ చెయ్యకుండా కూర్చుని వింటాను. ఇది చాలా కష్టం, అనుభవం మీద చెబుతున్నాను. మొదటి పది నిమిషాల్లో మూడుసార్లు లేచాను, ఒకసారి పాలు చూడ్డానికి, ఒకసారి ఆరేసిన బట్టలకి, ఇంకోసారి ఎందుకో నాకే తెలీదు. ఊరికే కూర్చుని పాట వింటుంటే ఏదో దొంగతనం చేస్తున్నట్టుంటుంది. అయినా కూర్చోండి. అలా వింటేనే ఏది పైపైన మెరుపో, ఏది లోపల సరుకో తెలుస్తుంది.

ఆ తరవాత వారం దాని జోలికి వెళ్ళను. వారంలో అందులోని వరస ఏదైనా దానంతటదే నోటికొస్తే కొంటాను, రాకపోతే వదిలేస్తాను. కర్ణాటక సంగీతమైతే పక్కవాయిద్యాలెవరో, కచేరీలో రికార్డు చేసిందో స్టూడియోలో చేసిందో చూస్తాను. నాకు కచేరీదే ఇష్టం, మధ్యలో దగ్గు వినబడినా సరే. సినిమా ఆల్బమ్ అయితే సగం పాటలైనా నచ్చాలి. ఒక్కటే నచ్చితే ఆ ఒక్కటీ కొనుక్కునే వీలుందేమో చూస్తాను. కొన్నాక రెండో కాపీ తీసి పెట్టి, పద్దుల పుస్తకంలో పేరు రాస్తాను. "పాటలు 500" అని కాదు, ఆల్బమ్ పేరు, పాడినవాళ్ళ పేరు. రేపు మా అబ్బాయి ఎప్పుడైనా ఆ పుస్తకం తిరగేస్తే వాళ్ళమ్మ ఏం వినేదో వాడికి దొరకాలి.

డబ్బుకి కటకటగా ఉన్న ఇళ్ళు ఉంటాయి, నాకు తెలుసు. నెలకి అయిదు వందలు అందరికీ కుదరదు. అలాంటప్పుడు ఏడాదికి ఒకటి కొనండి. అదీ కుదరకపోతే కొనాల్సిన వాటి జాబితా రాయండి. జాబితాకి డబ్బు అక్కర్లేదు, ఇష్టం తెలిస్తే చాలు. కానీ పన్నెండు వేల స్పీకరు ఉన్న ఇంట్లో, మూడు వేల హెడ్‌ఫోన్స్ ఉన్న ఇంట్లో కూర్చుని, "నాకెందుకులే, ఊరికే వచ్చేవి వింటాగా" అని దయచేసి అనకండి. అది పొదుపు కాదు. మిగిలిన కూర తినడం లాంటిదే.

మా ఇంట్లో తీర్పు ఇంకా రాలేదు. మా వారికి ఇప్పటికీ అది దండగే. మా అబ్బాయి మాత్రం నా పెన్‌డ్రైవ్ రెండు రోజులు పట్టుకెళ్ళి, కంజీర ముక్క బాగుందని తిరిగిచ్చాడు. నేను బ్యాంకుకి వెళ్ళి ఒక పని చేశాను. నా కార్డు మెసేజీలు నా ఫోనుకే వచ్చేలా నంబరు మార్పించాను. ఫారం మీద కారణం రాయమని ఒక గడి ఉంది. కౌంటరులో అమ్మాయి "ఏం రాస్తారు మేడమ్?" అని అడిగింది.

"నా ఖర్చు నాకు తెలియాలని" అని రాశాను.

ఈ నెల అనూష్కా వంతు.